ప్యాలెస్ సీజన్ మొత్తం వేసిన హనుమకొండ కేఫ్

హనుమకొండలో పెద్ద స్క్రీన్ మీద ఫుట్‌బాల్ చూడాలంటే ఎక్కడికి వెళ్లాలని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే చోటు. నయీంనగర్ నుంచి కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ రోడ్ వైపు వెళ్లే దారిలో, కింద జిరాక్స్ షాపు, పైన మొదటి అంతస్తులో ఒక కేఫ్. పేరు రాయట్లేదు. ఓనర్ అన్నే వద్దన్నాడు, శనివారాలు ఉన్న కుర్చీలు ఇప్పుడు వచ్చేవాళ్లకే చాలట్లేదని. మ్యాచ్ టైమ్‌కి ఆ రోడ్డు మీద నడిస్తే కిందికి వినపడే అరుపులే దారి చూపిస్తాయి కాబట్టి కనుక్కోవడం కష్టం కాదు.

2024-25 సీజన్‌లో ఇంగ్లండ్ క్లబ్ క్రిస్టల్ ప్యాలెస్ మ్యాచులు అర్ధరాత్రివి పోగా మిగతావి దాదాపు అన్నీ నేను అక్కడే చూశాను. మా అక్కావాళ్లు లండన్‌లో క్రోయిడన్‌లో ఉంటారు, ప్యాలెస్ సొంత గ్రౌండ్ సెల్‌హర్స్ట్ పార్క్ ఆ పక్కనే, అక్కడి నుంచి బావ పంపిన ఎరుపు నీలం చారల జెర్సీతో మొదలైంది ఈ పిచ్చి. ఊళ్లో మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్, ఆర్సెనల్, చెల్సీ ఫ్యాన్స్ గల్లీకి పదిమంది దొరుకుతారు, ప్యాలెస్ అంటే మాత్రం ఏ క్లబ్ అని అడుగుతారు. ఈ కేఫ్ నాకు నచ్చడానికి మొదటి కారణం అక్కడే ఉంది. వేరే చోట్ల ఫైనల్ ఉంటేనో, యునైటెడ్ లివర్‌పూల్ తలపడితేనో స్క్రీన్ పెడతారు, టికెట్ పెడతారు, బెలూన్లు కడతారు. వీళ్లు ఒక మామూలు ఆదివారం బ్రెంట్‌ఫర్డ్ మీద ప్యాలెస్ ఆడుతుంటే, చూసేవాళ్లు నలుగురే ఉన్నా, సౌండ్ పెట్టి మొత్తం మ్యాచ్ వేశారు. నా దృష్టిలో మ్యాచులు చూపించే కేఫ్‌కి అసలు పరీక్ష అదే.

ఆ బ్రెంట్‌ఫర్డ్ మ్యాచ్, ఆగస్టు 18న, సీజన్‌లో మాకు మొదటిది. మా ఆటగాడు ఎజె కొట్టిన ఫ్రీకిక్ నేరుగా నెట్‌లో పడింది, కానీ రెఫరీ ముందే విజిల్ ఊదేశాడు కాబట్టి గోల్ లెక్కలోకి రాలేదు, విజిల్ ఊదాక వీడియో రిఫరీ కూడా ఏమీ చేయలేడు. 2-1తో ఓడిపోయాం. అక్కడి నుంచి మొదటి 8 లీగ్ మ్యాచుల్లో ఒక్క గెలుపు లేదు, మూడు డ్రాలు, ఐదు ఓటములు. వేసవిలోనే మైకేల్ ఒలీసేని బయర్న్ మ్యూనిక్‌కి అమ్మేశారు, డిఫెన్స్‌లో పెద్ద దిక్కు అనుకున్న ఆండర్సన్ ఫుల్హామ్‌కి వెళ్లిపోయాడు, కోచ్ గ్లాస్నర్ ముగ్గురు డిఫెండర్లు, ఇద్దరు వింగ్‌బ్యాక్‌ల పద్ధతి మాత్రం మార్చలేదు. ఇంగ్లండ్ పై డివిజన్ ప్రీమియర్ లీగ్‌లో 20 క్లబ్బులు, ఒక్కో క్లబ్‌కి 38 మ్యాచులు, చివరి ముగ్గురు కింది డివిజన్‌కి పోతారు. ఆ భయం అక్టోబర్‌కే మొదలైంది. అన్న చాయ్ తెచ్చి పెడుతూ "ఏం తమ్మీ, ఈరోజన్న గెలుస్తదా మీ ప్యాలెస్?" అనేవాడు, వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగేవాడు. మ్యాచ్ అయిపోయి మొహాలు వేలాడేసుకొని కూర్చుంటే ఎవరూ బిల్లు తెచ్చి లేపేవాళ్లు కాదు.

ఇక సర్వీసు సంగతి. గోడ మీద ఒక చార్టు ఉంటుంది, నెల మొత్తం మ్యాచులు, మన టైమ్‌తో సహా చేత్తో రాసి పెడతారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలా ముఖ్యం, ఎందుకంటే వేసవిలో ఇంగ్లండ్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక, చలికాలంలో ఐదున్నర. అక్కడ శనివారం మధ్యాహ్నం 3కి మొదలయ్యే మ్యాచ్ ఆగస్టులో మనకు రాత్రి ఏడున్నర, డిసెంబర్‌లో ఎనిమిదున్నర. ఆ 3 గంటల మ్యాచులు ఇంగ్లండ్‌లో టీవీలో లైవ్ రావు, జనం గ్రౌండ్లకు రావడం మానేస్తారని ఎప్పటి నుంచో ఉన్న నిషేధం. అంటే మా అక్క క్రోయిడన్‌లో ఉండి టీవీలో చూడలేని మ్యాచ్‌ని నేను నయీంనగర్‌లో కూర్చుని చూసి ఆమెకు స్కోరు చెప్పేవాణ్ని.

చార్టులో ఒకసారి మాత్రం తప్పు పడింది. అక్టోబర్ 27, ఆదివారం, టాటెన్‌హామ్ మ్యాచ్. ఆ రోజే అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు, చార్టులో పాత లెక్క ప్రకారం ఆరున్నర అని ఉంది, అందరం వచ్చి కూర్చున్నాక ఏడున్నర అని తెలిసింది. కొంతమంది విసుక్కొని దీపావళి షాపింగ్ అని వెళ్లిపోయారు. అన్న ఉన్నవాళ్లందరికీ ఎగ్ పఫ్‌లు ఫ్రీగా ఇచ్చాడు. ఆ రోజు 31వ నిమిషంలో మా మటెటా గోల్ కొట్టాడు, 1-0, లీగ్‌లో మొదటి గెలుపు. ఆ మ్యాచ్ చివరి పది నిమిషాలు ఎలా గడిచాయో వెళ్లిపోయినవాళ్లకు చెప్పినా అర్థం కాదు.

కొత్తగా వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సిన రూల్ ఒకటుంది, ఫోన్‌లో స్కోరు యాప్ నోటిఫికేషన్లు ఆపేయాలి. స్ట్రీమింగ్‌లో బొమ్మ అసలు ఆట కంటే అర నిమిషం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఆలస్యంగా వస్తుంది, ఫోన్ మాత్రం గోల్ పడగానే టింగుమంటుంది. ఒకతని జేబులో ఫోన్ మోగిందంటే హాలు మొత్తానికి తెలిసిపోతుంది, ఇక ఆ కార్నర్ కిక్ చూడ్డంలో ఏముంటుంది. తలుపు దగ్గరే ఈ మాట రాసి పెట్టారు, పాటించకపోతే అన్న స్వయంగా వచ్చి చెప్తాడు. అలాగే లీగ్ ఒక యాప్‌లో వస్తే కప్పు మ్యాచ్ ఇంకో యాప్‌లో వస్తుంది, ఇంట్లో చూడాలంటే రెండింటికీ డబ్బు కట్టాలి, ఇక్కడ ఆ తలనొప్పి మనది కాదు. నెట్ రెండు కనెక్షన్లు పెట్టుకున్నారు, ఒకటి ఆగితే రెండోదానికి మారడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది.

అర్ధరాత్రి మ్యాచులు లైవ్ వేయరు. వారం మధ్యలో అక్కడ రాత్రి ఏడున్నర, ఎనిమిదికి మొదలైతే మనకు వేసవిలో పన్నెండు, పన్నెండున్నర, చలికాలంలో ఒంటిగంట, ఒంటిగంటన్నర అవుతుంది, అంతసేపు షట్టర్ తెరిచి ఉంచడానికి కుదరదు, అది న్యాయమే. దానికి వీళ్లు చేసే ఏర్పాటు నాకు చాలా నచ్చింది. మర్నాడు సాయంత్రం మొత్తం మ్యాచ్ రికార్డు వేస్తారు, వచ్చేవాళ్లు స్కోరు చూడకుండా రావాలి, చూసినవాళ్లు నోరు విప్పకూడదు. డిసెంబర్ 18న లీగ్ కప్ అనే వేరే నాకౌట్ పోటీ క్వార్టర్ ఫైనల్ ఆర్సెనల్ మీద అలాగే చూశాం. అంతకుముందు ఈ కప్పులో నార్విచ్‌ని, క్యూపీఆర్‌ని, వాళ్ల గ్రౌండ్‌లోనే ఆస్టన్ విల్లాని కొట్టి వచ్చాం. ఆర్సెనల్ మీద నాలుగో నిమిషంలోనే మటెటా గోల్, హాఫ్‌టైమ్ దాకా మనమే ముందు, ఆ తర్వాత గాబ్రియెల్ జీసస్ ఒక్కడే మూడు కొట్టాడు, 3-2తో బయటికి. ఒక రోజంతా కాలేజీలో, బస్సులో, వాట్సాప్ గ్రూపుల్లో ఆ స్కోరు నుంచి తప్పించుకొని వచ్చి చూశాం కాబట్టి ఆ టెన్షన్ అచ్చం లైవ్‌లా ఉంది. మూడు రోజుల తర్వాత లీగ్‌లో అదే ఆర్సెనల్ సెల్‌హర్స్ట్ పార్క్‌కే వచ్చి 5-1తో కొట్టి పోయింది.

తిండి గురించి రాయకపోతే రివ్యూ కాదు. చాయ్ బాగుంటుంది, చిక్కగా, అతిగా తీపి లేకుండా. మసాలా పల్లీలు, ఉల్లిపాయ పకోడి, చికెన్ పకోడి వేడివేడిగా వస్తాయి. బర్గర్, పాస్తా మెనూలో ఉన్నాయి కానీ వాటి జోలికి వెళ్లకండి, ఫ్రీజర్ నుంచి తీసి వేడి చేసినట్టే ఉంటాయి. సంక్రాంతి ముందు అన్నవాళ్ల అమ్మ చేసిన సకినాలు కౌంటర్ మీద సీసాలో పెట్టారు, జనవరిలో ఎఫ్‌ఏ కప్ మొదలైంది ఆ సకినాలతోనే. ధర ఎక్కువ కాదు, మ్యాచ్ ఉన్న రోజు మనిషికి ఇంత ఆర్డర్ చేయాలన్న రూల్ కూడా లేదు, రెండు చాయ్‌లతో తొంభై నిమిషాలు కూర్చోవచ్చు. ఒక్క ఇబ్బంది, హాఫ్‌టైమ్‌లో అందరూ ఒకేసారి ఆర్డర్ ఇస్తారు, ఇద్దరే పిల్లలు సర్వ్ చేస్తారు, సెకండాఫ్ మొదలై పది నిమిషాలయ్యాక పకోడి వస్తుంది. ముందే చెప్పి పెట్టుకోండి.

ఎఫ్‌ఏ కప్ తెలియనివాళ్లకు చిన్నగా చెప్తాను. 1871-72లో మొదలైన పోటీ, చిన్న ఊరి క్లబ్బుల దగ్గర నుంచి అందరూ ఆడతారు, ప్రీమియర్ లీగ్ క్లబ్బులు మూడో రౌండ్‌లో, అంటే జనవరిలో వచ్చి కలుస్తాయి. లీగ్‌లో ఓడితే వచ్చే శనివారం ఉంటుంది, ఇక్కడ ఓడితే ఇంటికే. పైగా ఆ సీజన్ నుంచి ప్రధాన రౌండ్లలో డ్రా అయితే మళ్లీ ఆడే పద్ధతి తీసేశారు, అదే రోజు ఎక్స్‌ట్రా టైమ్, పెనాల్టీలు. మనకు మొదట మూడో డివిజన్ స్టాక్‌పోర్ట్, ఎజె నాలుగో నిమిషం గోల్‌తో 1-0. తర్వాత నాలుగో డివిజన్ డాన్‌కాస్టర్, 2-0. ఇలాంటి మ్యాచులకు ఊళ్లో ఇంకెవరూ స్క్రీన్ పెట్టరు.

మార్చి 1న మిల్‌వాల్ మ్యాచ్ గురించి ఆగి చెప్పాలి. దక్షిణ లండన్ క్లబ్బులు రెండూ, పాత పగ. మన టైమ్ సాయంత్రం పావుతక్కువ ఆరు. ఎనిమిది నిమిషాలు కాకముందే మిల్‌వాల్ గోల్‌కీపర్ బాక్స్ బయటికి దూసుకొచ్చి బంతి కోసం కాలు ఎత్తితే అది మటెటా తలకు తగిలింది. మనిషి కదలట్లేదు, ఆక్సిజన్ పెట్టి స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు, తర్వాత తెలిసింది చెవికి 25 కుట్లు పడ్డాయని. హాల్లో ఒక్క మాట లేదు. వెనకాల క్యారమ్స్ ఆడుతున్న పిల్లలు కూడా ఆట ఆపేశారు. అన్న సౌండ్ తగ్గించాడు, ఎవరూ అడగలేదు, తనంతట తనే. అతను బాగున్నాడని వార్త వచ్చాకే మళ్లీ పెంచాడు. 3-1తో గెలిచాం కానీ ఆ సాయంత్రం గెలుపు గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. ఒక చోటు ఎలాంటిదో ఇలాంటప్పుడు తెలుస్తుంది, డబ్బు పెట్టి కొన్న ప్రొజెక్టర్‌తో రాదు అది. క్వార్టర్ ఫైనల్‌లో ఫుల్హామ్ గ్రౌండ్‌లో 3-0తో గెలిచిన రోజు పండగే.

ఇప్పుడు నా ఫిర్యాదులు. ప్రొజెక్టర్ పడే గోడకు ఎదురుగా పడమటి కిటికీ ఉంది, పరదా పల్చటిది. సాయంత్రం ఐదు గంటల మ్యాచులకు ఎండ నేరుగా గోడ మీద పడి బంతి ఎక్కడుందో కనపడదు. ఏప్రిల్ 12న మాంచెస్టర్ సిటీ మీద అదే జరిగింది. 21 నిమిషాల్లో 2-0 ఆధిక్యం, ఎజె ఒకటి, రిచర్డ్స్ ఒకటి, ఆ రెండు గోల్సూ మసక మసకగా చూశాం, పొద్దు గూకి బొమ్మ స్పష్టంగా కనపడే సరికి సిటీ ఐదు కొట్టేసింది. 5-2. అదే హాల్లో ఏడున్నరకు సన్‌రైజర్స్ మ్యాచ్, అభిషేక్ శర్మ 141 కొట్టి 246 ఛేజ్ చేయించిన రాత్రి అది, క్రికెట్ జనం ఎగురుతుంటే మేం ముగ్గురం మూలన కూర్చొని ఉన్నాం. నాలుగు రోజులకే న్యూకాజిల్‌లో 5-0. అది అర్ధరాత్రి మ్యాచ్, మర్నాడు రికార్డు వేస్తామన్నారు, ఎవరూ రాలేదు, నేనూ వెళ్లలేదు.

రెండోది కూలర్. ఏప్రిల్, మే నెలల్లో మన వరంగల్ ఎండలు తెలిసిందే, పైకప్పు రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతుంది. పెద్ద కూలర్ పెడితే కామెంటరీ వినపడదు, తగ్గిస్తే చెమటలు. ఏసీ పెట్టించమని అందరం అడుగుతున్నాం, పెట్టిస్తే చాయ్ ధర పెంచినా పర్లేదు. మూడోది వాష్‌రూమ్. ఒకటే ఉంది, ఆడవాళ్లకు వేరేగా లేదు. మా చెల్లె, కేయూ హాస్టల్‌లో ఉండే తన ఫ్రెండ్స్ చాలాసార్లు వచ్చారు, అన్న వాళ్లకు ముందు వరసలో చోటు ఉంచుతాడు, ఎవరైనా బూతు అరిస్తే వెంటనే ఆపుతాడు, సిగరెట్ పైన అస్సలు ఒప్పుకోడు. ఇంత చేసి వాష్‌రూమ్ దగ్గర ఆగిపోవడం బాలేదు. నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య ఇండియా జట్టుకు ఆడుతున్న రోజుల్లో మన దగ్గర ఫుట్‌బాల్ చూసే చోట ఆడపిల్లలు ఇబ్బంది పడకూడదు.

ఇక్కడ రెండు స్క్రీన్లుంటాయి, పెద్దది ప్రొజెక్టర్, చిన్నది కౌంటర్ పక్కన టీవీ. ఐపీఎల్ రోజుల్లో పెద్దది ఎవరికన్నది పెద్ద చర్చ. అన్న పద్ధతి ఏంటంటే, ఏ మ్యాచ్‌కి ముందు మనుషులు చెప్పి పెట్టుకుంటే దానికి పెద్ద స్క్రీన్. ఏప్రిల్ 26 ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్, ఆస్టన్ విల్లా మీద లండన్ వెంబ్లీ స్టేడియంలో, మనకు రాత్రి పావుతక్కువ పదికి. పెద్ద స్క్రీన్ కోల్‌కతా పంజాబ్ మ్యాచ్‌కి పోయింది, మాకు టీవీ. కోల్‌కతాలో వాన పడి ఆ మ్యాచ్ రద్దయింది, వెంటనే మమ్మల్ని పెద్ద స్క్రీన్‌కి మార్చాడు. ఎజె ఒకటి, ఇస్మాయిలా సార్ రెండు, 3-0. మటెటా పెనాల్టీ బయటికి కొట్టినా ఏమీ కాలేదు.

మే 17, ఫైనల్. మళ్లీ మాంచెస్టర్ సిటీ, నెల కింద ఐదు కొట్టినవాళ్లు. మన టైమ్ రాత్రి తొమ్మిది, అంతకంటే మంచి టైమ్ దొరకదు. ప్యాలెస్ 1905లో పుట్టింది, అప్పటి నుంచి ఒక్క పెద్ద ట్రోఫీ లేదు, 1990లో, 2016లో ఫైనల్ దాకా వెళ్లి రెండుసార్లూ మాంచెస్టర్ యునైటెడ్ చేతిలోనే ఓడింది. అదే రాత్రి ఐపీఎల్ ఆగి మళ్లీ మొదలవుతోంది, బెంగళూరులో కోల్‌కతా మీద మ్యాచ్, టెస్టులకు వీడ్కోలు చెప్పిన కోహ్లీ కోసం హాలు నిండా జనం. ఈసారి మేం వారం ముందే పేర్లు ఇచ్చి పెద్ద స్క్రీన్ తీసుకున్నాం, ఫైనల్ అని అన్న మొదటిసారి మనిషికి కొంత అడ్వాన్సు తీసుకున్నాడు, బిల్లులో తగ్గించాడు. బెంగళూరులో వాన తగ్గలేదు, టాస్ కూడా పడలేదు. టీవీ ముందున్నవాళ్లంతా ఒక్కొక్కరే కుర్చీలు మా వైపు తిప్పుకున్నారు.

16వ నిమిషం. కుడి వైపు నుంచి మునోజ్ క్రాస్, ఎజె పరిగెత్తుకుంటూ వచ్చి నేల మీద పడకుండానే కొట్టాడు. 1-0. ఇక మిగతాదంతా సిటీ దాడే. బాక్స్ బయట బంతికి మా గోల్‌కీపర్ హెండర్సన్ చేయి తగిలిందని వీడియోలో చూశారు, రెడ్ కార్డ్ ఇవ్వలేదు, నిజం చెప్పాలంటే అది మాకు కలిసొచ్చిన నిర్ణయం, సిటీవాళ్ల కోపంలో న్యాయముంది. 36వ నిమిషంలో సిటీకి పెనాల్టీ. వాళ్ల స్ట్రైకర్ హాలండ్ కొడతాడనుకుంటే బంతి మర్మూష్ చేతికిచ్చాడు. హెండర్సన్ తన కుడి వైపు దూకి ఆపేశాడు. ఆ క్షణం ప్యాలెస్ అంటే ఏ క్లబ్ అని అడిగిన కోహ్లీ అభిమానులు కూడా కుర్చీల మీదికెక్కారు. సెకండాఫ్‌లో మునోజ్ గోల్ ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు. ఆట ఆగిన సమయానికి చివర పది నిమిషాలు కలిపారు. సరిగ్గా అప్పుడు బయట ఈదురుగాలి లేచి కరెంటు పోయింది. ప్రొజెక్టర్, నెట్, స్పీకర్లు ఇన్వర్టర్ మీద ఉన్నాయి, బొమ్మ ఆగలేదు, కూలర్, లైట్లు ఆగిపోయాయి. ఆ చీకట్లో, ఆ ఉక్కలో, మొదటిసారి కామెంటరీ ప్రతి మాటా వినపడింది. విజిల్ పడింది. నేను ఏడ్చాను, అక్కకు వీడియో కాల్ చేస్తే ఆమె కూడా ఏడుస్తోంది, క్రోయిడన్ వీధి మొత్తం హారన్లు. గేహీ, జోయెల్ వార్డ్ కలిసి కప్పు ఎత్తేదాకా అన్న షట్టర్ దించలేదు.

ఆ తర్వాత లీగ్‌లో వోల్వ్స్ మీద 4-2, చివరి రోజు ఛాంపియన్ లివర్‌పూల్ గ్రౌండ్‌లో 1-1. 53 పాయింట్లు, 12వ స్థానం. స్థానం మామూలుగా కనిపిస్తుంది కానీ ప్రీమియర్ లీగ్‌లో ప్యాలెస్ అప్పటిదాకా తెచ్చుకున్నవాటిలో అవే ఎక్కువ పాయింట్లు, అదీ మొదటి 8 మ్యాచుల్లో మూడే పాయింట్లతో మొదలుపెట్టి. 2025 ఆగస్టు 10న, లీగ్ ఛాంపియన్, ఎఫ్‌ఏ కప్ విజేత తలపడే కమ్యూనిటీ షీల్డ్‌లో అదే లివర్‌పూల్‌ని పెనాల్టీల్లో కొట్టారు, ఆదివారం ఏడున్నరకు, హాలు నిండింది. మర్నాడే చెడ్డ వార్త. ఓనర్లలో ఒకరికి ఫ్రాన్స్ క్లబ్ లియోన్‌లో కూడా వాటా ఉందని ఎఫ్‌ఏ కప్ గెలిచి తెచ్చుకున్న యూరోపా లీగ్ (యూరప్ క్లబ్బుల రెండో స్థాయి పోటీ) నుంచి మూడో స్థాయి కాన్ఫరెన్స్ లీగ్‌కి దించిన నిర్ణయాన్ని క్రీడా కోర్టు కూడా సమర్థించింది. గ్రౌండ్‌లో గెలుచుకున్న చోటు కాగితాల్లో పోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

2025-26లో ఆ మ్యాచులు గురువారాలు పడ్డాయి, కొన్ని రాత్రి పదీ పావుకు (చలికాలంలో పదకొండుంపావుకు), కొన్ని అర్ధరాత్రి దాటాక. పదీ పావువి లైవ్ వేయమని అన్నను అడిగాం, పన్నెండున్నర దాకా తెరిచి ఉంచడం కుదరదేమో, కనీసం ఫస్టాఫ్ వేసి మిగతాది మర్నాడు వేస్తానన్నాడు. నా ఓటు మాత్రం మొత్తం మర్నాడే వేయమని, సగం మ్యాచ్ చూసి రాత్రంతా స్కోరు చూడకుండా ఎవరూ ఉండలేరు. మీరు వెళ్తే మీ క్లబ్ ఏదైనా సరే, ఎంత చిన్నదైనా సరే, నెల మొదట్లోనే చెప్పి చార్టులో రాయించుకోండి. బండి కింద జిరాక్స్ షాపు ముందు పెట్టొద్దు, రాత్రి తొమ్మిది దాకా వాళ్లకు గిరాకీ ఉంటుంది, పక్క సందులో ఖాళీ ఉంది. ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నా, పరదా మార్చి, ఆడవాళ్లకు వేరే వాష్‌రూమ్ కట్టిన రోజు ఐదోదీ ఇస్తాను.